లింకులు వంద.. వెనుక మనిషి ఒక్కడే!

ఊర్లో భూమి పంచాయితీ పడితే పెద్దమనుషులు ముందుగాల అడిగేది సాక్షులనే. పది మంది నిలబడి ‘‘ఆ చెల్క వాళ్లదే, మాకు తెలుసు’’ అంటే మాటకు బలమొస్తది. కానీ ఆ పది మందీ ఒక్క ఇంటోళ్లే అని తేలితే? పది సాక్ష్యాలు కాస్తా ఒక్క సాక్ష్యమైతది. అది కూడా తన గురించి తాను చెప్పుకున్న సాక్ష్యమే. పెద్దమనుషులు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇంటర్నెట్‌లో బ్యాక్‌లింకుల ముచ్చట కూడా ఇట్లాంటిదే. గూగుల్‌లో వెతికితే ఏ సైట్ పైన రావాలె, ఏది కింద ఉండాలె అని తేల్చేటప్పుడు ఈ లింకులను కూడా చూస్తరు. అందుకే దొంగ సాక్షులను తయారుచేసి అమ్మే వ్యాపారం పుట్టింది. లోన్ కోసం, నౌకరి కోసం, విత్తనాల కోసం ఫోన్‌లో వెతికే పల్లె యువత మొదలొచ్చిన సైట్‌నే నమ్ముతున్నరు. సొంతంగ బ్లాగో, న్యూస్ సైటో పెట్టుకున్నోళ్లకు ‘‘వెయ్యి బ్యాక్‌లింకులు అగ్గువకు ఇస్తం’’ అని మెయిల్స్ వస్తున్నయి. నమ్మి పైసలు కట్టేటోళ్లు కూడా ఉన్నరు. రెండు తీర్లా మునిగేది మనమే. ఆ లింకుల వెనుక ఎవరున్నరో చూసుడు నేర్చుకుంటే రెండు నష్టాలూ చాలావరకు తప్పుతయి. ఇదేం పెద్ద ఇంజినీర్లకే వచ్చే విద్య కాదు. ఫోన్, కొంచెం ఓపిక ఉంటే సరిపోతది.

లింకు అంటే ఓటు

ఒక సైట్‌లో ఉన్న పదం నొక్కితే ఇంకో సైట్‌కు తీసుకపోయేది లింకు. వేరే సైట్ల నుంచి మన సైట్‌కు వచ్చే లింకును బ్యాక్‌లింకు అంటరు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు స్టూడెంట్లు 1996లో తమ సెర్చ్ ఇంజిన్‌కు పెట్టుకున్న మొదటి పేరు ‘బ్యాక్‌రబ్’. బ్యాక్‌లింకులను లెక్కేసుడే దాని పని కాబట్టి ఆ పేరు. 1998లో అదే గూగుల్ కంపెనీ అయ్యింది.

వాళ్ల ఆలోచన సింపుల్. ఒక సైట్‌ను వేరేటోళ్లు లింకు ఇచ్చి చూపిస్తున్నరంటే అందులో ఏదో పనికొచ్చేది ఉన్నట్టే. అంటే లింకు ఒక ఓటు. కానీ అన్ని ఓట్లకూ ఒక్కటే విలువ ఉండదు. చాలామంది నమ్మే సైట్ నుంచి వచ్చిన ఓటుకు బరువెక్కువ, ఎవరూ పట్టించుకోని సైట్ నుంచి వచ్చిన ఓటుకు బరువు తక్కువ. ఈ లెక్కకే పేజ్‌ర్యాంక్ అని పేరు. ఇయ్యాల గూగుల్ ఇంకా చాలా విషయాలు చూస్తది గానీ లింకును చూసుడైతే ఆపలేదు.

ఓటుకు విలువ ఉన్న కాడ ఓటు కొనేటోడు వస్తడు. ఇక్కడా అదే జరిగింది.

చీరల దుకాణం అనుకోండి, అమెరికాలో అయితే..

దీనికి అందరికీ తెలిసిన కేసు 2011 నాటిది. జేసీ పెన్నీ అమెరికాలో పెద్ద బట్టల, ఇంటి సామాన్ల దుకాణాల కంపెనీ. నెలల తరబడి గూగుల్‌లో డ్రెస్సులని వెతికినా, పరుపులని వెతికినా, కార్పెట్లని వెతికినా మొదలు ఆ కంపెనీ సైటే వచ్చింది. ఆఖరికి సామ్‌సొనైట్ సూట్‌కేసులని వెతికితే కూడా, ఆ సూట్‌కేసులు తయారుచేసే కంపెనీ కన్నా పైన జేసీ పెన్నీ కనిపించింది.

న్యూయార్క్ టైమ్స్ పత్రిక రిపోర్టర్ డేవిడ్ సీగల్‌కు అనుమానం వచ్చింది. లింకుల మీద పట్టున్న ఒక నిపుణుడితో ఆ సైట్‌కు వస్తున్న లింకులను తవ్వించిండు. డ్రెస్సుల పేర్ల మీద లింకులున్న పేజీలే 2,015 దొరికినయి. అవి ఎక్కడున్నయో చూస్తే నవ్వొస్తది. న్యూక్లియర్ ఇంజినీరింగ్ పేరుతో ఉన్న సైట్‌లో డ్రెస్సుల లింకు. క్యాసినో సైట్‌లో డ్రెస్సుల లింకు. బల్గేరియాలో ఇండ్ల స్థలాలు అమ్మే సైట్‌లో కూడా డ్రెస్సుల లింకే. చదివేటోడికి ఆ లింకుతో ఏం పని లేదు. గూగుల్ మెషీన్ చూడాలనే పెట్టిన్రు.

ఆ స్టోరీ 2011 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకు కొన్ని రోజుల ముందే విషయం గూగుల్‌కు చేరింది, శిక్ష పడ్డది. ఒక సాయంత్రం 7 గంటలకు సూట్‌కేసుల వెతుకులాటలో మొదటి నంబర్‌లో ఉన్న సైట్, 9 గంటల కల్లా 71వ నంబర్‌కు పడిపోయింది. ఆ లింకులు తాము పెట్టించలేదని కంపెనీ చెప్పింది, సెర్చ్ పని చూసే కన్సల్టెంట్ సంస్థను తీసేసింది.

ఈ కేసులో మనం పట్టుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. మోసం బయటపడ్డది లింకులను లెక్కబెడితే కాదు, ఆ లింకులు ఎక్కడినుంచి వస్తున్నయి అని అడిగితే.

చచ్చిపోయిన సైట్లకు ప్రాణం పోసి..

ఆ తర్వాత దొంగలూ తెలివి మీరిన్రు. సంబంధం లేని సైట్లలో పెడితే దొరికిపోతున్నం కాబట్టి సొంతంగనే సైట్ల గుంపు పెట్టుకునుడు మొదలైంది. దీన్ని ప్రైవేట్ బ్లాగ్ నెట్‌వర్క్ అంటరు. ఎట్ల చేస్తరంటే..

సైట్ పేరును డొమైన్ అంటరు. అది కిరాయి ఇల్లు లాంటిది. గడువు తీరేలోపు పైసలు కట్టి రెన్యువల్ చేయకపోతే చేయిదాటి పోతది. ఒక బడికో, సేవా సంస్థకో సైట్ ఉండె అనుకుందాం. పదేండ్లలో పేపర్లు, కాలేజీలు దానికి లింకులు ఇచ్చినయి. నడిపే సారు రిటైర్ అయిండు, రెన్యువల్ మరిచిన్రు. ఆ పేరును ఇంకెవడో కొంటడు. బడి పోయింది గానీ బడి మీద ఉన్న నమ్మకం, అంటే పాత లింకులు అట్లనే ఉంటయి. కొన్నోడు అందులో అడ్డదిడ్డం ఆర్టికల్స్ నింపి, నడుమ తన అసలు సైట్‌కు లింకు ఇస్తడు. ఇట్లాంటివి యాభయో వందో పెట్టుకుంటే వంద మంది వేర్వేరు మనుషులు మెచ్చుకున్నట్టు కనిపిస్తది.

గూగుల్ 2024 మార్చిలో దీన్ని సూటిగ నిషేధిస్తూ రూల్ పెట్టింది. ఒకప్పటి ప్రైమరీ స్కూల్ సైట్‌లో క్యాసినో మ్యాటర్ పెట్టుడు, వైద్య సేవా సంస్థ నడిపిన సైట్‌లో మందులు అమ్ముకునుడు అని ఉదాహరణలు కూడా ఇచ్చింది. అంటే ఇది ఎంత మామూలు దందా అయ్యిందో అర్థం చేసుకోవచ్చు.

ముసుగు తీసుడు ఎట్ల?

ఒక ఉదాహరణ అనుకుందాం. లోన్ యాప్ ఒకటి ఫోన్‌లో కనపడ్డది. మంచిదో కాదో అని వెతికితే ఐదు సైట్లు ‘‘ఇదే నంబర్ వన్’’ అని రాసినయి. ఐదుగురు చెప్పిన్రు కదా అని ఆధార్, బ్యాంక్ ఖాతా ఇచ్చే ముందు కింది పరీక్షలు పెట్టండి.

పైసలు ఎవరి జేబులోకి పోతున్నయో చూడండి. గూగుల్ యాడ్స్ పెట్టుకున్న ప్రతి సైట్ ఓనర్‌కు పబ్లిషర్ నంబర్ ఉంటది. చాలా సైట్లలో అడ్రస్ చివర ఒక గీత పెట్టి ఇంగ్లిష్‌లో ‘యాడ్స్ డాట్ టీఎక్స్‌టీ’ అని కొడితే ఆ నంబర్ కనిపిస్తది. ఐదు సైట్లలోనూ ఓనర్ నంబర్ ఒక్కటే ఉంటే ఐదు గల్లాపెట్టెలూ ఒక్కడివే. పేరు, రంగు, లోగో మార్చుడు అలక. పైసలొచ్చే ఖాతా మార్చుడు అంత అలక కాదు. ఎంతమంది వచ్చి చూస్తున్నరో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ నంబర్ కూడా ఇట్లనే పట్టిస్తది. 2015లో లారెన్స్ అలెగ్జాండర్ అనే పరిశోధకుడు వేర్వేరుగా కనిపించే రష్యా అనుకూల ప్రచార సైట్లు ఒక్క గుంపువేనని ఈ అనలిటిక్స్ నంబర్‌తోనే బయటపెట్టిండు.

పుట్టిన తేదీలు చూడండి. డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో ‘హూ ఈజ్’ అనే రికార్డు చెప్తది. ఐకాన్ సంస్థ సైట్‌లో పైసా లేకుండ చూడొచ్చు. యూరప్‌లో 2018లో ప్రైవసీ చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి ఓనర్ పేరు చాలా వాటికి కనిపించట్లేదు. అయినా తేదీ, ఎవరి దగ్గర కొన్నరు, ఏ నేమ్ సర్వర్ వాడుతున్నరు అనేవి కనిపిస్తయి. ఐదు సైట్లూ ఒక్క వారంలో, ఒక్క దుకాణంలో కొన్నయైతే అనుమానించాలె.

పాత జన్మ చూడండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ నడిపే ‘వేబ్యాక్ మెషీన్’ పాత సైట్ల ఫొటో ఆల్బమ్ లాంటిది. ఇయ్యాల లోన్ల గురించి రాసే సైట్ ఐదేండ్ల కింద చర్చిదో, క్రికెట్ క్లబ్‌దో అని తేలిందంటే పాత పేరును కొని వాడుతున్నరని అర్థం.

లింకు మీద రాసిన పదాలు చూడండి. దీన్ని యాంకర్ టెక్స్ట్ అంటరు. మామూలు మనుషులు లింకు ఇస్తే సైట్ పేరు రాస్తరు, లేకుంటే ‘ఇక్కడ చూడండి’ అంటరు. ఒక్కొక్కరు ఒక్కో తీరుగ రాస్తరు. వంద లింకుల్లో తొంభై ‘బెస్ట్ ఇన్‌స్టంట్ లోన్ యాప్’ అనే ఒక్క మాటే ఉంటే అది ఒక్క చేతి రాత. అందరు సాక్షులూ ఒక్కటే వాక్యం అప్పజెప్పినట్టు.

బయటికి పోయే లింకులు చూడండి. ఒక్క పేజీలోనే బెట్టింగ్, లోన్, బరువు తగ్గే మందులు, వశీకరణం.. అన్నింటికీ లింకులు ఉన్నయంటే అది రాసుకునే సైట్ కాదు, లింకులు కిరాయికిచ్చే సత్రం.

ఆఖరికి బొమ్మ గీయండి. కాగితం మీద ఒక్కో సైట్‌కు ఒక చుక్క పెట్టి, ఎవరు ఎవరికి లింకు ఇచ్చిన్రో గీతలు గీయండి. ఊర్లో నిజమైన చుట్టరికాలు నలుదిక్కులా పోతయి, వేరే ఊర్లకు కూడా పోతయి. దొంగ గుంపులో మాత్రం వాళ్లకు వాళ్లే లింకులు ఇచ్చుకుంటరు, బయటి నుంచి నమ్మకమైన సైట్ ఒక్కటి కూడా వాళ్ల దిక్కు వేలు చూపదు. సైట్లు వేలల్లో ఉంటే గెఫీ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఈ బొమ్మను గీసిపెడ్తది. స్టాన్‌ఫర్డ్, యాహూ పరిశోధకులు 2004లో చెప్పిన ట్రస్ట్‌ర్యాంక్ పద్ధతి కూడా ఇట్లాంటి ఆలోచనే. మంచివని మనుషులే చూసి ఎంచిన కొన్ని సైట్ల నుంచి మొదలుపెట్టి, లింకుల దారి పట్టుకొని నమ్మకం ఎంత దూరం పోతదో లెక్కేస్తరు.

ఒక్క గుర్తుతోనే దొంగ అనొద్దు

ఇక్కడ జర జాగ్రత్త. ఒక్క గుర్తు దొరికింది కదా అని ఎవరినిబడితే వాళ్లను దొంగ అనొద్దు. అగ్గువ హోస్టింగ్‌లో ఒక్క సర్వర్ మీద వందలాది మంది సైట్లు ఉంటయి, వాళ్లకు ఒకరికొకరు తెల్వదు. సర్వర్ నంబర్ కలిసినంత మాత్రాన చుట్టాలు కారు. ఒక్క బస్సులో వచ్చినోళ్లంతా ఒక్క ఇంటోళ్లు కారు కదా! అట్లనే ఒక పత్రిక తన జిల్లా సైట్లన్నింటికీ లింకులు ఇచ్చుకుంటే, ఓనర్ పేరు దాచకుంటే, అది మోసం కాదు. యాడ్ ఇచ్చుడు కూడా తప్పు కాదు. పైసలు తీసుకొని పెట్టిన లింకుకు ‘స్పాన్సర్డ్’ అనే గుర్తు పెట్టాలని గూగుల్ 2019లో చెప్పింది. అంతకుముందు 2005 నుంచే ‘నోఫాలో’ అనే గుర్తు ఉంది. ఆ గుర్తు పెడితే యాడ్ యాడ్‌గనే ఉంటది, ఓటు కాదు. తప్పల్లా దాచిపెట్టుడులో ఉంది. అందుకే మూడు నాలుగు గుర్తులు కలిసినంకనే మాట అనాలె.

మన సర్కారు సైట్ల మీదా పడ్డరు

ఇదంతా అమెరికా ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. 2024లో టెక్‌క్రంచ్ అనే న్యూస్ సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. మన దేశంలోని రాష్ట్ర సర్కార్ల సైట్లకు సంబంధించిన దాదాపు 50 లింకులు, నొక్కితే ఆన్‌లైన్ బెట్టింగ్ సైట్లకు తీసుకపోతున్నయి. ఆ రాష్ట్రాల్లో బిహార్, కర్నాటక, కేరళతో పాటు తెలంగాణ కూడా ఉంది.

బెట్టింగోళ్లకు సర్కారు సైటే ఎందుకు కావాలె? ‘డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉంటే జనం నమ్ముతరు, సెర్చ్ ఇంజిన్లు కూడా అట్లాంటి సైట్లకు విలువిస్తయి. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ పైసల ఆటల మీద నిషేధం ఉంది. 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. చట్టం ఆపిన దందా, సర్కారు పేరు మీదనే పక్క దర్వాజ నుంచి వస్తున్నదంటే ఆలోచించాలె.

బడి, కాలేజీ, సొసైటీ సైట్లను చూసుకునేది చాలా కాడ ఊరి యువతే. ఒకసారి పెట్టి ఇడిసిపెట్టిన సైట్, అప్‌డేట్ చేయని వర్డ్‌ప్రెస్, అందరికీ తెలిసిన పాస్‌వర్డ్.. హ్యాకర్‌కు అంతే చాలు. మీ సైట్‌లో మీకు కనిపించకుండ బెట్టింగ్ పేజీలు పెడతడు. చూసుకునుడు తేలిక. గూగుల్‌లో ఇంగ్లిష్‌లో ‘సైట్’ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, జాగా ఇడవకుండ మీ సైట్ అడ్రస్ రాయండి. మీరు పెట్టని పేజీలు లిస్టులో వచ్చినయంటే ఎవడో చొరబడ్డట్టే.

లోన్ యాప్‌ల సంగతి మన దగ్గర అందరికీ తెలుసు. 2020 చివర్లో వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నోళ్లు ఉన్నరు. ఆ తర్వాత ఆర్‌బీఐ వేసిన వర్కింగ్ గ్రూప్ 2021 మొదటి రెండు నెలల్లో చూస్తే దాదాపు 1,100 లోన్ యాప్‌లు కనిపించినయి. అందులో 600 వరకు అక్రమమైనవే. అందుకే యాప్ అసలుదో కాదో తెలుసుకోవడానికి ‘టాప్ 10’ ఆర్టికల్స్ చదువుడు కాదు, ఆర్‌బీఐ సైట్‌లో పెట్టిన డిజిటల్ లెండింగ్ యాప్‌ల లిస్టు చూడాలె. మోసపోతే ఆలస్యం చేయకుండ 1930కి ఫోన్ కొట్టాలె.

కొన్న లింకు కొంప ముంచుతది

ఇగ సొంత సైట్ నడిపేటోళ్ల ముచ్చట. అగ్గువకు వేల లింకులు వస్తయంటే ఆశ పుడుతది. కానీ ఆ లింకులు వచ్చేది పైన చెప్పిన సత్రాల నుంచే. గూగుల్ 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే అప్‌డేట్ తెచ్చి ఇట్లాంటి సైట్లను కిందికి నూకింది. 2016 నుంచి దొంగ లింకును గుర్తుపడితే ఎక్కువగా దాన్ని లెక్కలోకే తీసుకోకుండ పక్కన పెడుతున్నది. 2022 డిసెంబర్ నుంచి లింకులు కొనేటోళ్లను, అమ్మే సైట్లను పట్టుకోవడానికి స్పామ్‌బ్రెయిన్ అనే ఏఐ వ్యవస్థను కూడా వాడుతున్నది. అంటే మీ పైసలు బూడిదలో పోసిన పన్నీరే. ఇంకా ఎక్కువ చేస్తే గూగుల్ మనుషులే చూసి శిక్ష వేస్తరు. అప్పుడు మీరు కష్టపడి రాసిన నిజమైన పేజీలు కూడా కనిపించకుండ పోతయి. అమ్మినోడు మాత్రం ఫోన్ ఎత్తడు.

మీ సైట్‌కు ఎవరు లింకు ఇస్తున్నరో గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఫ్రీగ చూడొచ్చు. నెలకొకసారి చూస్తే చాలు. తెల్వని లింకులు నాలుగు కనిపించినయని భయపడొద్దు, ప్రతి సైట్‌కూ చెత్త లింకులు వస్తనే ఉంటయి. ‘ఈ లింకులతో నాకు సంబంధం లేదు’ అని చెప్పుకునే డిసావో టూల్ 2012 నుంచి ఉంది. కానీ మీరే కొన్నప్పుడో, శిక్ష నోటీసు వచ్చినప్పుడో తప్ప దాని జోలికి పోవద్దు. పొరపాటున మంచి లింకులు కూడా తెగిపోతయి.

మరి మంచి లింకు ఎట్ల వస్తది? పోచంపల్లిలో ఒక చేనేత కుటుంబం ఇక్కత్ చీరలు అమ్ముకోవడానికి సైట్ పెట్టుకున్నదనుకోండి. దారానికి ముడులేసి రంగు అద్దే పనిని అడుగడుగునా ఫొటోలతో చూపిస్తూ, మిల్లు ప్రింట్ చీరను, అసలు చీరను ఎట్ల గుర్తుపట్టాలో తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి పెడితే? ఫ్యాషన్ కాలేజీ స్టూడెంట్ తన ప్రాజెక్ట్‌లో దానికి లింకు ఇస్తది. చేనేత సొసైటీ ఇస్తది. చీర కొన్న అక్క తన బ్లాగ్‌లో ఇస్తది. ఏడాదికి పది లింకులే రావొచ్చు. కానీ ఆ పదీ పది ఇండ్ల నుంచి వచ్చినయి. కొన్న వెయ్యి కన్నా ఆ పదికే బరువు ఎక్కువ.

తీర్పు ఒక్కడి చేతిలో..

ఒక మాట గూగుల్‌ను కూడా అడగాలె. ఎవడు దొంగ, ఎవడు దొర అని తేల్చే అధికారం మొత్తం ఒక్క కంపెనీ చేతిలో ఉండుడు మంచిదేనా? సెర్చ్‌లో గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగ కాపాడుకున్నదని అమెరికా ఫెడరల్ కోర్టు 2024 ఆగస్టులో తీర్పు చెప్పింది. జేసీ పెన్నీ దొంగ లింకులు నెలల తరబడి పనిచేసినయి, పత్రిక తవ్వినంకనే కదలిక వచ్చింది. ఇంగ్లిష్‌లో, అమెరికాలో, అంత పెద్ద కంపెనీ విషయంలోనే అట్లయితే, తెలుగులో వెతికేటోళ్ల కోసం పనిగట్టుకొని తవ్వేదెవరు?

మనమే తవ్వుకోవాలె. పది సైట్లు ఒక్కటే మాట చెప్తే ‘పది మంది చెప్పిన్రు’ అనుకునే ముందు ‘ఈ పది మంది ఎవరు? ఒకరికొకరు ఏమైతరు?’ అని అడగండి. ఈ రెండు ప్రశ్నలు మన ఊరి పెద్దమనుషులకు ఎప్పటినుంచో తెలుసు. ఫోన్ పట్టుకున్న మనం మరిచిపోవద్దు.